చీటీ మీది వైద్యం మనిషి దాకా రావాలి: తీవ్ర మానసిక వ్యాధులపై ఆరోగ్య అధికారులకు బహిరంగ లేఖ

ఆరోగ్య శాఖల అధికారులకు, మానసిక ఆసుపత్రుల నిర్వాహకులకు, ఆరోగ్య బడ్జెట్లు తయారుచేసేవారికి నమస్కారం.

ఈ లేఖ స్కిజోఫ్రెనియా (లేని గొంతులు వినిపించడం, లేనిపోని నమ్మకాలు పట్టి పీడించడం), బైపోలార్ వ్యాధి (ఉన్మాదం, కుంగుబాటు మారిమారి రావడం), భ్రమలతో కూడిన తీవ్రమైన డిప్రెషన్ గురించి. రాస్తున్నవాళ్లలో ఈ జబ్బులతో బతుకుతున్నవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు, వాళ్లకు వైద్యం చేసే డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు ఉన్నారు.

మానసిక ఆరోగ్యం గురించి ఇప్పుడు బాగానే ప్రచారం జరుగుతోంది. ఒత్తిడి గురించి, నిద్ర గురించి, నలుగురితో మనసు విప్పి మాట్లాడటం గురించి చెబుతున్నారు. మంచిదే. కానీ ఎవరో తనను చంపడానికి వస్తున్నారని నమ్మి తలుపు గడియ పెట్టుకున్న మనిషికి, వారం రోజులుగా కన్నుమూయకుండా తిరుగుతున్న మనిషికి, ఎవరి గొంతో చెవిలో పడి క్షణం ఊపిరి తీసుకోలేని మనిషికి ఆ ప్రచారంలో చోటు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సుమారు 300 మందిలో ఒకరికి స్కిజోఫ్రెనియా ఉంది. వాళ్ల ఆయుష్షు మిగతావాళ్లకంటే 10 నుంచి 20 ఏళ్లు తక్కువ. ఆత్మహత్యలు అందులో ఒక భాగం. గుండెజబ్బు, షుగరు, ఊపిరితిత్తుల జబ్బులు, ఇన్ఫెక్షన్లు అంతకంటే పెద్ద భాగం.

కొత్త మందు కనిపెట్టమని మేము అడగడం లేదు. పనిచేసే మందులు చాలావరకు దశాబ్దాల నాటివే. లిథియం ఉన్మాదాన్ని తగ్గిస్తుందని ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ 1949లోనే రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో లిథియం ఉంది, భ్రమలను తగ్గించే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, క్లోజపిన్ ఉన్నాయి. చీటీ మీద రాసిన వైద్యం మనిషిని చేరే లోపల ఎక్కడెక్కడ తెగిపోతోందో చెప్పడానికే ఈ లేఖ. తెగే ప్రతి చోటా ఒక కారణం ఉంది. ఆ కారణాల్లో చాలావాటిని సరిచేయడం మీ చేతిలో ఉంది.

మొదటిది ఆలస్యం. సైకోసిస్ (భ్రమలతో, లేని గొంతులతో వాస్తవానికి దూరమయ్యే స్థితి) మొదలయ్యాక సరైన వైద్యం అందేసరికి నెలలు పడుతోంది, కొందరికి ఏళ్లు పడుతోంది. ఆలస్యం పెరిగేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుందని పరిశోధనలు మళ్లీ మళ్లీ చూపించాయి. 3 నెలల లోపల వైద్యం మొదలవ్వాలన్నది నిపుణులు అంతర్జాతీయంగా పెట్టుకున్న లక్ష్యం. ఇంగ్లండ్‌లో 2016 నుంచి, సైకోసిస్ అనుమానంతో పంపిన మనిషికి రెండు వారాల లోపల వైద్యం మొదలుపెట్టాలన్న ప్రమాణం ఉంది. మీరూ అలాంటి గడువు పెట్టండి. అయితే ఫారం మీద పేరు ఎక్కిన రోజుతో గడియారం ఆపేయకూడదు. డాక్టరు మనిషిని చూసి వైద్యం మొదలుపెట్టిన రోజునే లెక్కించాలి. ఇంటివాళ్లు, టీచర్లు నేరుగా ఫోన్ చేసి చెప్పగలిగే ఒక నంబరు ఉండాలి. మధ్యలో ఇంకో డాక్టరు ఉత్తరం తప్పనిసరి అన్న నిబంధన వల్ల ఎన్నో వారాలు పోతున్నాయి.

ఆ మొదటి పరీక్షలో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఒకటి, సైకోసిస్‌లా కనిపించే శారీరక జబ్బును వదిలేయడం. లక్షణాలు రోజుల్లోనే ముంచుకొచ్చాయా, జ్వరం ఉందా, ఫిట్స్ వచ్చాయా, మాట తడబడుతోందా, ఒళ్లు బిగుసుకుపోతోందా అని అడగాలి. మెదడులోని ఎన్‌ఎండీఏ గ్రాహకాలపై శరీరమే దాడి చేసే మెదడువాపు ఒకటి ఉంది. 2007లో దాన్ని వివరించారు. అది మొదట మానసిక వార్డుకే వస్తుంది, దాని వైద్యం మాత్రం పూర్తిగా వేరు. థైరాయిడ్, బి12, సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా ఆ మొదటి వారంలోనే అయిపోవాలి.

రెండో పొరపాటు మోతాదు. మొదటిసారి జబ్బు పడినవాళ్లకు చిన్న మోతాదే పనిచేస్తుంది, దుష్ప్రభావాలు మాత్రం త్వరగా వస్తాయి. రిస్పెరిడోన్ 2, 3 మిల్లీగ్రాములు సరిపోయేవాళ్లకు తొందరపడి 6 మిల్లీగ్రాములు ఇస్తే అకతీసియా వస్తుంది. ఒకచోట కూర్చోలేరు, కాళ్లు ఆడిస్తూనే ఉంటారు, లోపల ఏదో తొలిచేస్తున్నట్టుంటుంది. అది చూసి జబ్బు ముదిరిందనుకుని అదే మందు ఇంకా పెంచుతారు. బాధ రెట్టింపవుతుంది, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చు, ఆ మనిషి మళ్లీ ఏ మందునూ నమ్మడు. మోతాదు పెంచే ముందు "లోపల నిలవలేనట్టుగా ఉందా, కాళ్లు కదపకుండా ఉండగలవా?" అని అడగడం ప్రతి కేస్ షీటులో ఒక గడిగా ఉండాలి. వైద్యం సులువు: మోతాదు తగ్గించడం, మందు మార్చడం, ఆస్తమా లేనివాళ్లకు ప్రొప్రనొలాల్ ఇవ్వడం.

ఇక క్లోజపిన్. మిగతా అన్నింటికంటే దీని గురించే ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే నష్టం ఎక్కువగా ఇక్కడే జరుగుతోంది.

స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి మామూలు మందులు సరిగా పనిచేయవు. రెండు వేర్వేరు మందులు సరిపడా మోతాదులో, ఒక్కొక్కటీ కనీసం 6 వారాలు, నిజంగా మింగుతున్నారని తేలాక కూడా లక్షణాలు తగ్గకపోతే దాన్ని మందులకు లొంగని జబ్బు అంటారు. అక్కడ గట్టి ఆధారం ఉన్న మందు క్లోజపిన్ ఒక్కటే. 1988లో అమెరికాలో జాన్ కేన్ బృందం ఇలాంటి 268 మందిపై 6 వారాలు చేసిన పరీక్షలో క్లోజపిన్ తీసుకున్నవాళ్లలో 30 శాతం మంది మెరుగయ్యారు, పాత మందైన క్లోర్‌ప్రొమజిన్ తీసుకున్నవాళ్లలో 4 శాతమే. 2003లో వెలువడిన మరో అంతర్జాతీయ పరీక్షలో 980 మందిని రెండేళ్లు గమనించారు. ఒలాంజపిన్ అనే మరో మందు తీసుకున్నవాళ్లకంటే క్లోజపిన్ తీసుకున్నవాళ్లలో ఆత్మహత్యా ప్రయత్నాలు తగ్గాయి. ఇంత తెలిసీ ఆ మందు మొదలుపెట్టేసరికి ఏళ్లు గడుస్తున్నాయి. ఆ లోపు మూడో మందు, నాలుగో మందు, రెండు మూడు కలిపి ఇవ్వడం. ఒక్కో నిష్ఫల ప్రయత్నానికి ఒక్కో ఏడాది కరిగిపోతోంది.

భయానికి కారణం ఉంది, కాదనం. 1975లో ఫిన్లాండ్‌లో ఈ మందు వాడినవాళ్లలో తెల్లరక్తకణాలు పడిపోయి 8 మంది చనిపోయారు. చాలా దేశాల్లో మందును వెనక్కి తీసుకున్నారు. తర్వాత క్రమం తప్పని రక్తపరీక్షల షరతు మీద తిరిగొచ్చింది. అమెరికా 1989లో అనుమతించింది. తెల్లరక్తకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్ కణాలు ప్రమాదకరంగా పడిపోవడం నూటికి ఒకరికంటే తక్కువమందిలో, ఎక్కువగా మొదటి 18 వారాల్లో జరుగుతుంది. ఏడాది దాటాక చాలా అరుదు. అమెరికాలో పాటిస్తూ వచ్చిన పద్ధతి ఇది: మొదటి 6 నెలలు వారానికోసారి, తర్వాతి 6 నెలలు రెండు వారాలకోసారి, ఆ తర్వాత నెలకోసారి పరీక్ష. మైక్రోలీటరు రక్తానికి న్యూట్రోఫిల్స్ 1,500, ఆపైన ఉంటే మామూలు, 1,000 లోపు వస్తే మందు ఆపి రక్తవ్యాధుల నిపుణుణ్ని పిలవాలి, 500 లోపైతే అత్యవసరం. పరీక్ష ఫలితం చూపించనిదే మందు ఇవ్వకూడదన్న కట్టుబాటును అమెరికా ఔషధ సంస్థ 2025లో తొలగించింది. పరీక్షలు చేయాలన్న సూచన మాత్రం అలాగే ఉంది. కాగితం అందలేదని మందు ఆగిపోయి మనుషులు దెబ్బతినడం ఆ మార్పుకు ఒక ముఖ్య కారణం. మీ నిబంధనలనూ ఆ కోణంలో ఒకసారి చూడండి.

ఇంకో విషయం. ఆఫ్రికా, పశ్చిమాసియా మూలాలున్న చాలామందిలో న్యూట్రోఫిల్స్ పుట్టుకతోనే తక్కువ. అది జబ్బు కాదు, ఇన్ఫెక్షన్లతో దానికి సంబంధం లేదు. వాళ్లకు 1,000 అంటే మామూలే. ఈ సంగతి తెలియని ల్యాబ్ ఎర్ర గీత గీస్తే, ఏకైక మందు దక్కకుండా పోతుంది. క్లోజపిన్ మొదలుపెట్టే ముందు రెండుసార్లు కణాల లెక్క తీసి ఆ మనిషి సొంత అంకె రాసిపెట్టుకుంటే చాలు.

ఆచరణలో తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, అందరి చూపూ తెల్లరక్తకణాల మీదే ఉంటుంది, ప్రాణం తీసే మిగతావాటి మీద ఉండదు. క్లోజపిన్ పేగుల కదలికను బాగా తగ్గిస్తుంది. మలబద్ధకం ముదిరి పేగు స్తంభించి చనిపోయినవాళ్లున్నారు. అమెరికా ఔషధ సంస్థ 2020లో ఈ హెచ్చరికను గట్టిచేసింది. "విరేచనం అవుతోందా?" అని అడిగితే చాలామంది అవుతోందనే అంటారు. ఆఖరిసారి ఎప్పుడు, వారంలో ఎన్నిసార్లు, ఎంత ముక్కాల్సి వచ్చింది అని అడిగి చార్టులో రాయాలి. విరేచనకారి మందును అవసరం పడ్డాక కాకుండా క్లోజపిన్ మొదటి మాత్రతోపాటే మొదలుపెట్టాలి. పొట్ట ఉబ్బి నొప్పి, వాంతులు ఉంటే అదే రోజు సర్జన్ చూడాలి. చొంగ తగ్గించడానికి ఇచ్చే కొన్ని మందులు పేగుల్ని ఇంకా మందగింపజేస్తాయి, ఆ సంగతి కూడా చీటీ రాసేవాళ్లకు గుర్తుండాలి.

మొదటి 4 వారాల్లో గుండె కండరానికి వాపు రావచ్చు. జ్వరం, ఆయాసం, ఛాతీలో నొప్పి, నాడి వేగం. నాడి వేగం ఒక్కటే అయితే క్లోజపిన్‌కు మామూలు, అందుకే అది తెలిసినవాళ్లే దీన్ని పోల్చుకోగలరు. మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత 4 వారాల పాటు వారానికోసారి ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది), సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే పెరిగేది) పరీక్షలు చేయాలి. ట్రోపోనిన్ సాధారణ హద్దుకు రెండింతలు దాటినా, సీఆర్‌పీ లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటినా మందు ఆపి గుండె స్కాన్ (ఎకో) తీయించాలి. మోతాదును నెమ్మదిగా పెంచితే ఈ ముప్పు తగ్గుతుంది: 12.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, రోజూ బీపీ చూసుకుంటూ పోవాలి. ఆసియా మూలాలున్నవాళ్ల శరీరం ఈ మందును మెల్లగా కరిగిస్తుంది కాబట్టి ఇంకా నెమ్మదిగా వెళ్లాలి, చివరి మోతాదు కూడా తక్కువే సరిపోవచ్చు.

48 గంటలకు మించి మందు మానేస్తే పాత మోతాదు నేరుగా ఇవ్వకూడదు. మళ్లీ 12.5తో మొదలుపెట్టాలి. లేదంటే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు, ఫిట్స్ రావచ్చు. ఒళ్లు బాగాలేక సాధారణ ఆసుపత్రిలో చేరినవాళ్ల విషయంలో ఇది తరచూ తప్పుతుంది. అక్కడి డాక్టర్లకు ఈ నియమం తెలియదు, మందుల గదిలో క్లోజపిన్ ఉండదు, రెండు రోజులు గడిచిపోతాయి. ప్రతి సాధారణ ఆసుపత్రి మందుల గదిలో కొంత క్లోజపిన్, పక్కనే గోడ మీద ఈ నియమం ఉండాలి.

పొగ సంగతి కూడా చాలామందికి తెలియదు. సిగరెట్ పొగలోని హైడ్రోకార్బన్లు క్లోజపిన్‌ను కరిగించే కాలేయ ఎంజైమును ఉసిగొల్పుతాయి. నికోటిన్‌కు ఇందులో పాత్ర లేదు, కాబట్టి నికోటిన్ ప్యాచ్ వేసినా ఆ లోటు తీరదు. పొగతాగే మనిషిని పొగ నిషేధించిన వార్డులో చేర్చుకుంటే, మోతాదు మారకపోయినా వారంలోనే రక్తంలో మందు సగానికి సగం పెరగవచ్చు. మత్తు, చొంగ, ఫిట్స్ మొదలవుతాయి. వాళ్లే ఇంటికెళ్లి మళ్లీ సిగరెట్ వెలిగిస్తే మందు పడిపోయి జబ్బు తిరగబెడుతుంది. ఎందుకు తిరగబెట్టిందో ఎవరికీ అర్థం కాదు. చేరేరోజు, డిశ్చార్జి రోజు "రోజుకు ఎన్ని సిగరెట్లు?" అని రాసుకోవాలి. మానేసినవాళ్లకు మొదటి వారంలో మోతాదును నెమ్మదిగా పావువంతు తగ్గించి, రక్తంలో మందు స్థాయి కొలిచి సరిచేయాలి. తీవ్రమైన ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు కూడా స్థాయి ఇలాగే పెరుగుతుంది. మిల్లీలీటరుకు 350 నానోగ్రాములు దాటితే పనిచేసే అవకాశం ఎక్కువ. 600 దాటుతున్నప్పుడు ఫిట్స్ గురించి జాగ్రత్త పడాలి. ఈ పరీక్ష చేసే ల్యాబ్ లేకుండా క్లోజపిన్ నడిపించడం కళ్లకు గంతలు కట్టుకుని నడవడమే. కాబట్టి మా ప్రధాన కోరిక: ప్రతి జిల్లాకూ ఒక క్లోజపిన్ క్లినిక్. ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు, వేలి కొన నుంచి తీసిన చుక్క రక్తంతో అక్కడికక్కడే కణాల లెక్క చెప్పే యంత్రం, స్థాయి కొలిచే ల్యాబుతో ఒప్పందం. పెద్ద భవనం అక్కర్లేదు.

లిథియం విషయంలో చెప్పాల్సింది తక్కువే, అయినా ముఖ్యం. పనిచేసే స్థాయికీ విషమయ్యే స్థాయికీ దూరం తక్కువ. ఆఖరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీయాలి. పొద్దున మాత్ర మింగి వచ్చినవాళ్ల రక్తం తీస్తే ఆ అంకెకు అర్థం లేదు. ఎక్కువమందికి లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్స్ సరిపోతుంది. మోతాదు మార్చిన 5 నుంచి 7 రోజులకు, స్థిరపడ్డాక మొదటి ఏడాది 3 నెలలకోసారి, తర్వాత 6 నెలలకోసారి చూడాలి. మూత్రపిండాలు, థైరాయిడ్, కాల్షియం 6 నెలలకోసారి. ల్యాబుల్లో జరిగే ఒక వింత పొరపాటుంది: రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో వాడే హెపారిన్ కొన్నిసార్లు లిథియం ఉప్పుగానే ఉంటుంది. ఆ ట్యూబులో రక్తం పోస్తే లేని విషం ఉన్నట్టు కనిపిస్తుంది, కంగారుగా మందు ఆపేస్తారు. ఉన్నట్టుండి లిథియం ఆపితే ఉన్మాదం తిరగబెట్టే ముప్పు, ఆత్మహత్య ముప్పు రెండూ పెరుగుతాయి. నిజంగా ఆపాల్సి వస్తే కనీసం 4 వారాలు, వీలైతే 3 నెలల మీద తగ్గించుకుంటూ రావాలి. వాంతులు, విరేచనాలు, ఎండదెబ్బ, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, కొన్ని బీపీ మందులు స్థాయిని పెంచేస్తాయి. ఈ నాలుగు మాటలు రాసిన ఒక కార్డు మనిషి జేబులో ఉండాలి.

శరీరం సంగతి. ఒలాంజపిన్, క్లోజపిన్ మొదలుపెట్టిన మొదటి నెలల్లోనే బరువు వేగంగా పెరుగుతుంది. ఆ తర్వాత దించడం చాలా కష్టం. మొదటి రోజు బరువు, నడుము కొలత, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ రాయాలి. మొదటి 6 వారాలు వారం వారం బరువు, 12వ వారంలో అన్ని పరీక్షలూ మళ్లీ, ఆపైన ఏటా. పరగడుపున రమ్మంటే రానివాళ్లకు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) చేయొచ్చు, దానికి పస్తు అవసరం లేదు. బరువు పెరగడం మొదలైతే ఏడాది దాకా ఎదురుచూడకుండా అప్పుడే షుగరు మందు మెట్‌ఫార్మిన్ ఇవ్వాలి. ఈ రెండు మందుల విషయంలో మొదటినుంచే ఇవ్వాలన్న వాదనకు ఇప్పుడు బలం పెరిగింది. ఇక్కడ తెగేది ఎక్కడంటే, మానసిక వైద్యుడు అది ఫిజీషియన్ పని అనుకుంటాడు, ఫిజీషియన్ అది మానసిక వైద్యుడి మందు వల్ల కదా అనుకుంటాడు. పరీక్షలు చేయించే బాధ్యత మందు రాసినవాళ్లదేనని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. ఛాతీనొప్పితో ఎమర్జెన్సీకి వచ్చిన మనిషి కేస్ షీటులో స్కిజోఫ్రెనియా అని కనిపించగానే "భ్రమేమో" అని ఈసీజీ తీయకుండా పంపడం ఎంతటి అన్యాయమో మీకు చెప్పనక్కర్లేదు.

వార్డులో బలప్రయోగం గురించి సూటిగా చెబుతున్నాం. మనిషిని బోర్లా పడుకోబెట్టి వీపు మీద బరువు వేసి అదిమితే ఊపిరాడక చనిపోతారు. అది ఎక్కడా, ఎవరిమీదా జరగకూడదు. శాంతపరిచే ఇంజెక్షన్ తప్పకపోతే హాలోపెరిడాల్ ఒక్కటే ఇవ్వకండి. మెడ, నాలుక, కళ్లు మెలితిరిగిపోయే డిస్టోనియా వస్తుంది. బ్రెజిల్‌లోని రియో డి జనేరోలో జరిగిన పరీక్షలో అలర్జీ మందు ప్రొమెథజిన్ కలిపి ఇచ్చినవాళ్లలో ఆ బాధ కనపడలేదు, ఒక్కటే ఇచ్చినవాళ్లలో కనపడింది. ఒలాంజపిన్ ఇంజెక్షన్, బెంజోడయజిపిన్ (లోరజిపామ్ లాంటి మత్తు మందు) ఇంజెక్షన్ ఒకేసారి ఇవ్వకూడదు, ఊపిరి మందగిస్తుంది. ఇంజెక్షన్ తర్వాత 15 నిమిషాలకోసారి ఊపిరి, నాడి, బీపీ, ఆక్సిజన్ చూడాలి. నిద్రపోయాడని గది తలుపు వేసి వెళ్లిపోవడమే పెద్ద ప్రమాదం. అసలు ఆ స్థితి దాకా రాకుండా చేయొచ్చు. ఇంగ్లండ్‌లో సేఫ్‌వార్డ్స్ అనే పద్ధతిని 31 వార్డుల్లో పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. సిబ్బంది మాట్లాడే తీరు, చెడ్డకబురు చెప్పాక పక్కన ఉండటం, వార్డు కట్టుబాట్లను రోగులతో కలిసి రాసుకోవడం లాంటి చిన్న మార్పులతో గొడవలు 15 శాతం, బలప్రయోగంతో సహా రోగులను అదుపుచేసే చర్యలు 26 శాతం తగ్గాయి.

మాటా కదలికా లేకుండా బిగుసుకుపోయిన మనిషిని మొండివాడనుకోవద్దు. అది కాటటోనియా కావచ్చు. లోరజిపామ్ 1 లేదా 2 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే చాలామంది కాసేపట్లోనే కదులుతారు. తగ్గకపోతే మత్తు ఇచ్చి, కండరాలు సడలించి చేసే ఈసీటీ (మెదడుకు కొద్దిపాటి విద్యుత్తు ఇచ్చే వైద్యం) ప్రాణం కాపాడుతుంది. అది అందుబాటులో లేని ఆసుపత్రులు చాలా ఉన్నాయి. దాని మీదున్న భయం, సిగ్గు వల్ల రోజులు గడిచేకొద్దీ రక్తం గడ్డలు, పుండ్లు, నీరసం మీద పడతాయి.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన తర్వాతి రోజుల దగ్గరకు వద్దాం. ఆత్మహత్య ముప్పు అన్నింటికంటే ఎక్కువగా ఉండేది డిశ్చార్జి అయిన తొలి రోజుల్లోనే. ఇంగ్లండ్ ఇదివరకు 7 రోజుల లోపల మనిషిని కలవాలనేది, 2020లో దాన్ని 72 గంటలకు తగ్గించింది. చాలాచోట్ల ఇప్పటికీ జరుగుతున్నదేమిటంటే, చీటీలో "ఒక నెల తర్వాత ఓపీకి రావలెను" అని రాసి పంపుతారు, మందులు పదిరోజులకే ఇస్తారు. మిగతా ఇరవై రోజులు ఎవరిదీ కాదు. వచ్చే అపాయింట్‌మెంటు తేదీ దాకా సరిపడా మందు చేతిలో పెట్టాలి. ముప్పు ఉన్నవాళ్లకైతే మొత్తం ఒకేసారి కాకుండా వారం వారం ఇవ్వాలి. లిథియం ఎక్కువ మోతాదు ప్రాణాంతకం. వెళ్లే ముందే తర్వాత చూడబోయే నర్సును వార్డులోనే పరిచయం చేయాలి. మూడో రోజుకు ఆమె ఇంటికెళ్లాలి. ఫోన్ ఎత్తలేదని ఫైలు మూసేయకూడదు, ఎత్తకపోవడమే ఇంటికి వెళ్లాల్సిన సూచన.

నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్లలోనూ ఇదే తెగుదల. పాలిపెరిడోన్ మొదటి రోజు 150, ఎనిమిదో రోజు 100 మిల్లీగ్రాములు, రెండూ భుజానికే ఇవ్వాలి. మొదటిది వార్డులో ఇచ్చి ఆరో రోజున ఇంటికి పంపితే రెండోది ఎవరూ ఇవ్వరు. నెల తిరిగేసరికి రక్తంలో మందు సరిపోదు, "ఇంజెక్షన్ కూడా పనిచేయలేదు" అని కేస్ షీటులో పడుతుంది. ఆ తప్పుడు వాక్యం ఏళ్ల తరబడి ఆ మనిషి వెంట వస్తుంది. ఇంజెక్షన్ తేదీల పట్టిక దగ్గరి ఆరోగ్య కేంద్రానికి చేరిందని సంతకం తీసుకున్నాకే డిశ్చార్జి చేయాలి.

స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి తమకు జబ్బు ఉందన్న సంగతే పూర్తిగా తెలియదు. జబ్బు లక్షణాల్లో అదొకటి. దాన్ని పొగరుగా, మొండితనంగా చూసి వాదనకు దిగితే తలుపులు మూసుకుపోతాయి. నిద్ర పట్టడం లేదన్నదో, భయంగా ఉందన్నదో వాళ్లు ఒప్పుకునే బాధ దగ్గర మొదలుపెట్టిన వైద్యమే నిలబడుతుంది. వాళ్లు నిలకడగా ఉన్నప్పుడే, మళ్లీ జబ్బు తిరగబెడితే ఏ మందు కావాలి, ఏది వద్దు, ఎవరిని పిలవాలి అన్నది వాళ్ల మాటల్లో రాయించుకుని సంతకం తీసుకోవాలి. ఆ కాగితం అర్ధరాత్రి డ్యూటీ డాక్టరుకు కనిపించే చోట ఉండాలి, బీరువాలో కాదు.

ఇంటివాళ్ల మాట. "గోప్యత, మీకేమీ చెప్పలేం" అని పంపేస్తున్నారు. చెప్పకూడదన్న నియమం ఉండొచ్చు, వినకూడదన్న నియమం ఎక్కడా లేదు. మందు ఎప్పుడు ఆపాడో, రాత్రిళ్లు ఏం మాట్లాడుతున్నాడో, ఇంట్లో ఏం దాచాడో చెప్పగలిగేది వాళ్లే. వాళ్లు చెప్పింది రాసుకోవడానికి కేస్ షీటులో ఒక పేజీ పెట్టండి. జబ్బు గురించి, తిరగబెట్టే ముందు కనిపించే గుర్తుల గురించి ఇంటివాళ్లకు పద్ధతిగా నేర్పిస్తే తిరగబెట్టడం తగ్గుతుందని గట్టి ఆధారం ఉంది. దానికి ఒక్క కరపత్రం చాలదు, నెలల తరబడి కొన్నిసార్లు కూర్చోబెట్టి మాట్లాడాలి.

పడకల గురించి ఒక మాట. 1955లో అమెరికా ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో దాదాపు 5,59,000 మంది ఉండేవారు. 1963లో కెనడీ సంతకం చేసిన చట్టం ఊళ్లలోనే కేంద్రాలు పెడతామంది. ఆసుపత్రులు ఖాళీ అయ్యాయి, అనుకున్న కేంద్రాల్లో చాలా భాగం రాలేదు. ఎంతోమంది వీధుల్లో, జైళ్లలో తేలారు. ఇటలీ 1978లో 180వ నంబరు చట్టంతో ఆసుపత్రులు మూసే దారి పట్టింది. ట్రియెస్టె నగరంలో అది నిలబడిందంటే అక్కడ 24 గంటలూ తెరిచి ఉండే, రాత్రి పడుకోవడానికి కొన్ని పడకలున్న కేంద్రాలు ముందుగా నిలబడ్డాయి కాబట్టి. పడకలు తగ్గించే ప్రతి ప్రతిపాదనతోపాటు, ఆ డబ్బు ఏ ఇంటిసేవల బృందానికి ఏ తేదీన వెళుతుందో రాసి ఉండాలి. అమెరికాలోని మాడిసన్‌లో లెనార్డ్ స్టైన్, మేరీ ఆన్ టెస్ట్ 1970లలో తయారుచేసిన ఇంటిసేవల పద్ధతిలో పదిమందికి ఒక సిబ్బంది. ఒక్కో నర్సు మీద అరవై డెబ్బై మందిని పెట్టి అదే పేరుతో పిలిస్తే ఆ ఫలితాలు రావు.

చివరిగా, మూడు నెలలకోసారి ఈ అంకెలు ప్రతి ఆసుపత్రి పేరుతో బయటపెట్టమని కోరుతున్నాం: మొదటి సైకోసిస్‌లో లక్షణాలు మొదలైననాటి నుంచి వైద్యం దాకా ఎన్ని వారాలు పట్టింది, మందులకు లొంగని జబ్బు ఉన్నవాళ్లలో ఎంతమంది క్లోజపిన్ మీద ఉన్నారు, 72 గంటల్లో ఎంతమందిని ఎదురుగా కలిశారు, లిథియం వాడేవాళ్లలో ఎంతమందికి గత 6 నెలల్లో పరీక్ష జరిగింది, ఎంతమందికి ఏడాదిలో బరువు, షుగరు చూశారు, ఎన్నిసార్లు బలప్రయోగం జరిగింది, ఎన్ని నిమిషాలు, మరణాలు ఎన్ని, ఏ కారణంతో. ఈ అంకెలు చాలావరకు మీ రిజిస్టర్లలో ఇప్పటికే ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చే గుమస్తాను వేయండి. ఆ పట్టికలు చదివే కమిటీలో జబ్బుతో బతుకుతున్నవాళ్లకు, ఇంటివాళ్లకు ఓటుతో సహా సగం చోటు ఇవ్వండి. మొదటి పట్టిక ఏ తేదీన వస్తుందో ఈ లేఖకు జవాబుగా తెలియజేయండి.

ఇట్లు,
తీవ్ర మానసిక వ్యాధులతో బతుకుతున్నవాళ్లు, వాళ్ల కుటుంబాలు, వాళ్లకు వైద్యం చేసేవాళ్లు